గోల్ ముందు గడ్డి

ఆఖరి మ్యాచ్ ఓడిపోయిన మర్నాడు పొద్దున, ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు మైదానం చూసుకునే ముసలాయన. రెండోవాడు ఇరవై ఏళ్లుగా ఒక్క మ్యాచ్ కూడా మానని టైలరు.

“ఏం బాబాయ్, గోల్ ముందు గడ్డి విత్తనాలు ఇంకా చల్లలేదే? ఏటా ఈపాటికి తడిపి కూడా పెట్టేవాడివి.”

“చల్లొచ్చులేరా.”

“కింది డివిజన్‌కి పడిపోయామని అలిగావా? పడితే పడ్డాం, వచ్చే ఏడు లేస్తాం. కొత్త జెర్సీలు మొదలెట్టేశాను కూడా.”

“గుడ్డ కత్తిరించేశావా?”

“పదకొండు మందివీ. ఏం?”

“అయ్యో, నన్నో మాట అడక్కపోయావా!”

“రంగు మారుస్తున్నారా?”

“నిన్న విత్తనాల కోసం ఆఫీసుకి వెళ్లాను. ఇంక అక్కర్లేదన్నారు.”

“అంటే... వేరే మైదానానికి వెళ్తున్నామా?”

“ఎక్కడికీ లేదురా. క్లబ్బు మూసేస్తున్నారు. స్థలం అమ్మేశారు.”

“అమ్మేశారా!”

“కూర్చోరా కాసేపు.”

“పోయినేటి విత్తనాలేమైనా మిగిలాయా?”

“పిడికెడుంటాయి. మొలవడానికి పది రోజులు పడుతుంది. వాళ్లు బుల్డోజరు దింపేది ఎల్లుండే.”

“ఎల్లుండిదాకా మనదేగా. చల్లు బాబాయ్, నేను నీళ్లు తెస్తా.”