అల్లుడుగారి ప్లైవుడ్ పడవ

ఇంటి వెనక షెడ్డులో, రెండు బల్లల మీద బోర్లించిన చిన్న పడవ పక్కన, ప్లైవుడ్ కొట్టు నడిపే మామగారూ ఆయన అల్లుడూ.

"పూర్తయిపోయిందా! నిజంగానే?"

"నిజంగానే మావయ్యగారూ. రేపు పొద్దున్నే నీళ్లలోకి. తట్టి చూడండి, గంటలా మోగుతుంది."

"తడతాను, తడతాను. ఇదీ... నేను పంపిన ప్లైవుడ్డేనా?"

"మీరు పంపాక ఇంకేం కావాలండీ! రంగెలా ఉంది? నీలం మీ అమ్మాయే ఎంచుకుంది."

"రంగుకేం, పెళ్లికొడుకులా ఉంది. రంగు కింద సంగతి అడుగుతున్నాను. అతుకులెలా వేశారు?"

"అంచుల వెంట చిల్లులు పెట్టి, రాగితీగతో కుట్టి, పైన రెసిన్ జిగురు పూసి ఫైబర్‌గ్లాస్ గుడ్డ పట్టీలు అంటించాం. బట్ట కుట్టినట్టేననుకోండి."

"ఎవరు కుట్టారు?"

"తనే. నా కుట్టు వంకరపోతోందని తీగ లాగేసుకుంది."

"బాగానే ఉంది. రేపు మీరొక్కరే కదా వెళ్లేది?"

"ఇద్దరం. అలలు విరిగేచోటు దాటాక లంగరేస్తాం. నేను సర్ఫింగ్ బోర్డు తీసుకుని అలల మీదికి పోతాను. తను పడవలో కూర్చుని గాలం వేసుకుంటుంది."

"ఒక్కతేనా? సముద్రంలో? ఇందులోనా?"

"ఇందులోనే. లైఫ్ జాకెట్ ఉంటుందిలెండి."

"ఒక్క నిమిషం. అలా బయటికెళ్లి కొట్టుకి ఫోన్ చేసొస్తాను... హలో, గుమాస్తాగారూ, నేనే. మా అల్లుడికి పంపిన షీట్లు ఏ రకం? ...అల్మరాలకి ఇచ్చేవా? నీళ్లు తగిలితే పొరలూడేవి? ...నేనే చెప్పాననుకోండి, చెప్పింది చెప్పినట్టు పంపేస్తారా? రోజూ ఏదో ఒక పొరపాటు చేస్తారే, ఆరోజే మాట వినాలా! ...సరే, అరవకండి. పెట్టేస్తున్నా."

"ఏమైనా ఇబ్బందాండీ?"

"అబ్బే, వ్యాపారమన్నాక సవాలక్ష. అల్లుడుగారూ, రేపు గాలి ఎక్కువట."

"లేదండీ, ఇందాకే చూశాను."

"అయితే ఎల్లుండి వెళ్లండి."

"ఎల్లుండి ఆఫీసు."

"పోనీ, పడవ నాకమ్మేయండి."

"మీకా? వానలో గొడుగున్నా బయటికి రారు కదండీ!"

"కొట్టు ముందు పెట్టుకుంటాను. చూసినవాడు ఆగుతాడు. ఆగినవాడు లోపలికొస్తాడు. వచ్చాక మేకులైనా కొనకుండా పోడు. మీకూ లాభమే, నాకూ లాభమే."

"అమ్మడానికి చెయ్యలేదండీ."

"అయితే విప్పేయండి. షీట్లు మళ్లీ నేనిస్తాను. ఊరికే. పడవలకి వాడే అసలు రకం. బండి బాడుగ కూడా నాదే."

"ఊరికేనా? మావయ్యగారూ, ఇలా కూర్చోండి. ఒంట్లో బాగానే ఉందా? డాక్టర్ని పిలవనా?"

"నా ఒంటికేం! చెక్క గురించి మాట్లాడుతున్నాను."

"చెక్కకేమైంది?"

"ఏమీ కాలేదు. ఇంకా కాలేదు. చెక్కలు కూడా మనుషుల్లాంటివే అల్లుడుగారూ. ఒక్కోటి ఒక్కో పనికి పుడుతుంది."

"మరి మీరు పంపింది దేనికి పుట్టిందంటారు?"

"అదీ... బట్టలు మడిచి పెట్టుకోవడానికి."

"మావయ్యగారూ!"

"నన్నలా చూడకు. నువ్వు పూర్తి చేస్తావని ఎవడనుకున్నాడయ్యా! గిటారు కొన్నావు, తీగలు తుప్పుపట్టాయి. పూలకుండీలు కొన్నావు, మట్టి కొనడం మర్చిపోయావు. ఇప్పుడు పడవన్నావు. ఇది షెడ్డు దాటదని లెక్కేసుకున్నాను. షెడ్డులో తేలే పడవకి ఖరీదైన చెక్కెందుకు, అల్లుడి డబ్బు మిగులుతుంది కదా అనుకున్నాను."

"నా డబ్బేనా మిగిలింది?"

"...నాదీ కాస్త మిగిలిందనుకో. ఇప్పుడదా ముఖ్యం? అమ్మాయిని పిలువు. నేనే చెప్తాను. ఏడాదిపాటు నాతో మాట్లాడకపోయినా సరే, దాన్ని మాత్రం ఇది ఎక్కనివ్వను."

"పిలవక్కర్లేదు నాన్నా. తలుపు దగ్గరే ఉన్నాను."

"వచ్చావా అమ్మలూ? ఎప్పట్నుంచి వింటున్నావు?"

"నువ్వు ఊరికే ఇస్తానన్నప్పట్నుంచి. ఆ మాట నీ నోట్లోంచి వచ్చేసరికి చేతిలో పనొదిలేసి పరిగెత్తుకొచ్చాను."

"నవ్వకే. నువ్వు రేపు వెళ్లకూడదు."

"కంగారుపడకు. నీ షీట్లు నిజంగానే అల్మరా అయ్యాయి. పడగ్గదిలో ఉంది, చూసిరా. పడవకి వేరే కొట్లో కొన్నాం."

"వేరే కొట్లోనా! ఏమండీ అల్లుడుగారూ, ఇందాక నోరు తెరిచి అడిగితే చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని... రంగు మీదికి మళ్లించాను."

"బాధా! పోయిన ప్రాణం లేచొచ్చింది... అయినా వేరే కొట్లోనా! నా కూతురై ఉండి! నా సరుకు పనికిరాదని నీకెవరు చెప్పారే? ఆ గుమాస్తానా?"

"నువ్వే చెప్పావు. షీట్లు పంపిన రోజు ఫోన్ చేసి, 'బ్రహ్మాండమైన సరుకమ్మా, జన్మలో ఇలాంటిది చూడలేదు' అన్నావు. మంచి సరుకుని నువ్వెప్పుడూ పొగడవు నాన్నా."