కొలతకు నిలబడ్డ మనిషి

ఎడారి దేశపు నగరంలో, ఘుబ్రా పేటలోని ఫ్లాటులో, రిటైరైన హిమానీనద శాస్త్రవేత్త ఒక పాత ఫొటోను కూతురికి ఇవ్వకుండా పట్టుకుని కూర్చున్నాడు.

“ఇటివ్వండి నాన్నా. అమ్మ సంవత్సరీకానికి రువీ బజారులోని స్టూడియోలో పటం కట్టిస్తాను. వెనకున్న మంచు తీసేయమంటాను.”

“తీయించకు. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రంలోకి దిగిన హిమానీనదమది. దాని ఎత్తు తెలియడానికే మీ అమ్మను ముందు నిలబెట్టాను. కదలొద్దన్నాను. నవ్వింది!”

“ఆ మంచుగోడ ఇప్పటికీ ఉందా?”

“లేదు. మూడు కిలోమీటర్లు వెనక్కి పోయింది. అక్కడిప్పుడు అన్నీ నీళ్లే.”

“సరే, తీయించను. కానీ పటానికి దండ వేస్తాను. మీకు ఇలాంటివాటిమీద నమ్మకం లేదని వాదించకూడదు.”

“వాదించను. కాస్త పెద్ద దండ చెప్పు.”

“ఎందుకు?”

“మంచుక్కూడా అందాలి.”