నాన్న చూడనన్న స్లైడు

ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చోవే, మెడ తిప్పి మాట్లాడలేను. ఏంటీ, మీ ముత్తాత దేవుణ్ణి నమ్మాడా, సైన్సుని నమ్మాడా అనా? కాలేజీలో వాదించుకోవడానికి ఇంకేం దొరకలేదా మీకు? మా నాన్ననడిగితే, అన్నం తింటావా నీళ్ళు తాగుతావా అని అడిగినట్టుందే అనేవాడు. అసలాయన మాట్లాడేదే తక్కువలే. ఆసుపత్రి ల్యాబులో పని. ల్యాబంటే ఇప్పటిలా ఏసీలూ అవీ కాదు, ఒక బల్ల, సింకు, స్పిరిటు దీపం, కిటికీ పక్కన మైక్రోస్కోపు. పొద్దున్నే చేతులు కడుక్కుని ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, అప్పుడు లెన్సు తుడిచేవాడు. ఇక రోజంతా జనం దగ్గి ఉమ్మిన కఫంలో క్షయ క్రిముల్ని వెతకడమే. ఆదివారం చర్చిలో సంఘపెద్ద. వెనక కుర్రాళ్ళు "కఫం పెద్దాయన" అనేవాళ్ళు, విని ఆయనా నవ్వేవాడు.

ఆయనకో పట్టింపు ఉండేది. స్లైడు మీద నంబరే ఉండాలి, పేరుండకూడదు. పేర్ల రిజిస్టరు పక్కగదిలో తోటి టెక్నీషియన్ దగ్గరుండేది, బట్టతల బాబాయి అనేవాళ్ళం ఆయన్ని. ఫలితం రాసి సంతకం పెట్టాకే పేరు చూసేవాడు మా నాన్న. ఎందుకంటే, "పేరు తెలిస్తే కన్ను మొహమాటపడుతుందమ్మా" అనేవాడు.

ఇంతకీ ఏం చెబుతున్నాను... ఆఁ, నా సంగతి. నాకు పంతొమ్మిదేళ్ళప్పుడు అదే జబ్బు పట్టుకుంది. మా అమ్మ పోయింది దాంతోనే, నా చిన్నప్పుడు. నన్ను పెంచింది పిన్ని. ఏడాదిన్నర మందులు వాడాలన్నారు. పూటకి గుప్పెడు మాత్రలు, మింగితే వాంతులు. నాలుగో నెలకి దగ్గు తగ్గింది, కాస్త ఒళ్ళు చేశాను. పిన్ని వాళ్ళ ప్రార్థన కూటంలో నా తలమీద చేతులుంచి ప్రార్థించారు. "స్వస్థత వచ్చేసిందే, ఇంకా మాత్రలు మింగావంటే ప్రభువుని నమ్మనట్టే" అంది పిన్ని. పిన్నిని ఏమీ అనకు, అక్కని పోగొట్టుకున్న మనిషి. నాకూ ఆ చేదు తప్పితే చాలనుంది. చర్చిలో లేచి నయమైపోయిందని సాక్ష్యం చెప్పేశాను. ముందు వరసలో కూర్చుని నాన్న స్తోత్రం అన్నాడు. మాత్రలు కుట్టుమిషను సొరుగులో చేరుతున్నాయని ఆయనకేం తెలుసు.

రెండు నెలలకి మళ్ళీ పరీక్ష. ధైర్యంగానే ఇచ్చాను కఫం. నాన్న పదహారో నంబరు స్లైడు చూసి, క్రిములు నిండా ఉన్నాయని రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు తెప్పించుకున్నాడు. పదహారు నేను. బట్టతల బాబాయి, "పోనీ మళ్ళీ చూద్దామా పెద్దాయనా" అంటే, "రాసింది ఉండనీ" అన్నాడట.

నన్ను పిలిపించాడు. తిడతాడనుకున్నాను. స్టూలు మీద కూర్చోబెట్టి చూడమన్నాడు. నీలం మీద సన్నటి ఎర్ర గీతలు, తెగిన దారప్పోగుల్లా. సొరుగు సంగతి చెప్పేసి ఏడ్చాను. అయితే దేవుడు నా మాట వినలేదా నాన్నా అన్నాను. ఏమన్నాడంటే, ఉండు, సరిగ్గా చెప్పనీ, "విన్నాడనే నా నమ్మకం. కానీ ఉన్నవాటిని లేవని చెప్పి మనం ఆయన పరువు కాపాడక్కర్లేదు. ఆయన నిజమంటే జడిసేవాడు కాదు. జబ్బన్నదే లేని రోజొకటి వస్తుంది, మీ అమ్మ సమాధిలోంచి లేస్తుంది, ఆ రోజు నాకీ ఉద్యోగం ఉండదు. అదీ నమ్ముతాను. అప్పటిదాకా వీటిని లెక్కపెట్టడం నా పని, మాత్రలు మింగడం నీ పని" అన్నాడు.

ఆ ఆదివారం నేనే లేచి, పోయినసారి చెప్పింది తప్పని చెప్పాను. సిగ్గుతో చచ్చిపోయాననుకో. మందులు మళ్ళీ మొదట్నుంచి, ఈసారి సూదులు కూడా. కానీ మర్నాటి నుంచి మాత్రలు నా అరచేతిలో పోసింది పిన్నే. అన్నానికి చేసుకున్నట్టే వాటికీ ప్రార్థన చేసేది.

ఆఖరి పరీక్ష రోజున స్లైడు నాదొక్కటే ఉంది. ఇంక నంబరుంటే ఏంటి, లేకపోతే ఏంటి. నాన్న బాబాయిని పిలిచి, "నువ్వు చూడవయ్యా, ఇవాళ నా కళ్ళకి ఆశ ఎక్కువైంది" అన్నాడు. వచ్చి బయట బెంచీ మీద నా పక్కన కూర్చున్నాడు. చాలాసేపటికి బాబాయి వచ్చి ఒక్కటీ లేదన్నాడు. స్లైడు మీద ఎన్ని చోట్ల చూశావన్నాడు నాన్న. నూరు అన్నాడు ఆయన. "ఇంకో నూరు చూడు." పాపం, విసుక్కోకుండా లోపలికి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి, లేవు పెద్దాయనా అన్నాడు.

అప్పుడు నాన్న నా తల భుజానికి ఆనించుకుని, మా అమ్మని పేరుపెట్టి పిలిచాడు. ఆవిడ పోయాక ఆ పేరు ఆయన నోట వినడం అదే మొదటిసారి. "పిల్ల నిలబడిందే" అన్నాడు. గట్టిగా కాదు, మామూలుగా, పక్కగదిలో ఉన్న మనిషికి చెబుతున్నట్టు.

...ఆ కిటికీ కాస్త వెయ్యవే, గాలి కొడుతోంది.