గ్లూకోజు సీసా

కటక్‌లో ఒక ఆసుపత్రి గది, ఉదయం. మంచం మీద బనమాలి, చేతికి గ్లూకోజు గొట్టం. పక్కన కుర్చీలో అతని భార్య తమ్ముడు అక్రూర్.

"చెప్పులెక్కడ దాచావురా?"

"చెప్పులెందుకు బావా? ఇంకో గంటలో లోపలికి తీసుకెళ్తారు."

"ఇవాళ కాదు. వచ్చే వారం పెట్టుకోమను. నాకు పనుంది."

"ఏం పని?"

"పదకొండింటికి మన పేటలో దుర్గాపూజ కమిటీ మీటింగు. గదాధర్ గాడు పెద్ద కుర్చీలో కూర్చుంటాడు. వాడికి ప్రసాదం పెట్టాలి."

"ఈసారి చక్కెర పడిపోతే లేవవన్నాడు డాక్టరు. విన్నావుగా!"

"ఇంకోటి కూడా విన్నాను. నా క్లోమంలో శెనగగింజంత గడ్డ ఉంది. అది ఊరికే ఇన్సులిన్ చిమ్మి నా ఒంట్లో చక్కెరంతా తినేస్తుంది. అలాంటప్పుడు నేనేం వాగినా నాది కాదు, గడ్డది. మీ అక్కకి చూపించాలన్నాను, ముద్రేసి రాసిచ్చాడు. ఇదిగో."

"అయితే?"

"అయితే ఏంట్రా మొద్దూ! రాత్రి నుంచి ఏమీ తినలేదు. ఈ గొట్టం పీకి ఆటో ఎక్కానంటే, అక్కడికెళ్ళేసరికి చక్కెర దిగుతుంది. మైకు పట్టుకుని వాడి ఏడు తరాల్నీ ఉతికి ఆరేస్తాను. గడ్డ మాడ్చేశాక నాకీ లైసెన్సు ఎవడిస్తాడు?"

"నోట్లోంచి గొట్టం దింపి, సూదితో కాల్చేస్తారంతే. కోత లేదు, కుట్టు లేదు. రెండ్రోజుల్లో ఇంటికి. అప్పుడు తిట్టుకో."

"అప్పుడు తిడితే కేసు. ఇప్పుడు తిడితే జబ్బు."

"రెండేళ్ళయింది బావా. మర్చిపో."

"మర్చిపోవాలా? ఆ రోజు పూజ పందిట్లో నువ్వూ ఉన్నావు కదరా! కాళ్ళు తేలిపోతున్నాయి, నాలుక మడతపడుతోంది. దుర్గమ్మ సింహాన్ని కావిలించుకుని పెరుగువడ పెట్టమని అడిగానంట. ఆ గదాధర్ మైకులో ఏమన్నాడు?"

"గుర్తుంది."

"అను."

"ఎందుకు బావా..."

"అను!"

"'బనమాలి తాగొచ్చాడు, బయటికి మోసుకెళ్ళండి' అన్నాడు."

"పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదురా నేను! ఇరవయ్యారేళ్ళు దుర్గమ్మ నిమజ్జనానికి కఠజోడి నదికి వెళ్తుంటే ఊరేగింపు ముందు నడిచింది నేను. ఆ ఏడు ఎవడు నడిచాడు?"

"ఎవరో ఒకరు నడవాలిగా."

"ఎవడు?"

"నేనే. కాళ్ళు బొబ్బలెక్కాయి కూడా."

"పాపం! సర్లే, నువ్వు మనవాడివి, నీతో గొడవేముంది. చెప్పులియ్యి."

"ఇవ్వను. ఆటోలోనే పడిపోతావు. అక్కకేం చెప్పను?"

"సంచిలో రసగోల డబ్బా ఉంది. తిట్టడం అవగానే రెండు మింగేస్తాను."

"కింద పడ్డాక ఎవరు మింగిస్తారు? గదాధరా?"

"వాడు పెడితే చస్తాను గాని తినను. చెప్పులు!"

"బావా, ఆయన్ని వదిలెయ్యి. ఆయన తప్పేం లేదు."

"ఏంటీ?"

"ఆయన... చీటీ చదివాడు."

"ఏ చీటీ?"

"మైకు దగ్గరికొచ్చిన చీటీ. కళ్ళజోడు లేక తడుముకుంటూ చదివాడు, చూళ్ళేదూ?"

"ఎవడు రాశాడ్రా?"

"సిస్టర్ని పిలవనా బావా?"

"అక్రూర్. ఎవడు రాశాడు?"

"నిజంగానే తాగావనుకున్నాను బావా. అమ్మతోడు. మైకులో చదివేస్తాడనుకోలేదు. ఊరేగింపు నాకిస్తాడనీ అనుకోలేదు... కొంచెం అనుకున్నాను."

"నీ పేరులో ముందున్న 'అ' ఎవడ్రా తగిలించింది?"

"ఏమన్నా అను బావా. పడతాను. ఇక్కణ్ణుంచి మాత్రం కదలకు."

"ఏమంటాను? మతి ఉండగా నిన్నో మాటంటే మీ అక్క నాకు అన్నం పెడుతుందా?"

"అయితే సూది వేయించుకుంటావుగా?"

"వేయించుకుంటాను. గదాధర్‌తో నాకింకేం పని? సిస్టర్! ఇలా రామ్మా."

"ఏం కావాలి బాబాయ్?"

"నా చక్కెర ఎంతుంది?"

"నూటపది. చాలా బాగుంది."

"తలుపు గడియ వేసి, ఈ సీసా ఒక్క అరగంట ఆపు తల్లీ. మా బావమరిదితో రెండు ముక్కలు మాట్లాడాలి."