రెండిళ్ల పరువు నిలిపిన డాక్టర్ సుశీల గారు

1993వ సంవత్సరం జూలై ఒకటవ తేదీన, జోడ్‌భావి పేట్‌లో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన కుమారి సుశీల గజ్జం, దాజీ పేట్‌లోని మన కుష్ఠువ్యాధి పరిశోధన ప్రయోగశాలలో సహాయ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించారు. తండ్రి నర్సయ్య గారు పవర్‌లూమ్ మీద చాదర్లు నేసేవారు. కూతురి కొలువేమిటని వాడకట్టువారు అడిగితే, వ్యాధి పేరు నోట రాక, "ఏదో ఆఫీసుల పని" అని దాటవేసేవారట. ఆ "ఆఫీసుల పని"లో క్రమక్రమంగా ఎదిగి, డాక్టరేటు పొంది, మన సంచాలకులైన సుశీల గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనుండడం మనకు సంతోషమూ, కించిత్తు దిగులూ కలిగిస్తున్న సందర్భం.

వారి తొలి పదేళ్లూ కుష్ఠువ్యాధి సూక్ష్మజీవి స్వభావాన్ని గ్రహించడంలోనే గడిచాయి. తన జన్యువులలో దాదాపు సగం పనికిరాకుండా పోగొట్టుకున్న ఆ జీవి, గాజుపాత్రలో ఎంత బతిమాలినా పెరగదు. "ఆస్తంతా కరిగిపోయి చుట్టాలింట్లో మకాం పెట్టిన జమీందారు అది; తొందరేమీ లేదు, పొమ్మన్నా పోదు" అని కొత్తగా చేరినవారికి వారు బోధించేవారు. ఆ జమీందారు జన్యువులలో మార్పు వచ్చి మందుకు లొంగడం మానేస్తే ముందుగానే కనిపెట్టే పరీక్షను మన ప్రయోగశాలలో నెలకొల్పిన ఘనత వారిదే.

క్రమశిక్షణ విషయంలో వారు ఎవరినీ ఉపేక్షించేవారు కారు. నమూనాల ఫ్రిజ్‌లో తినుబండారాలు పెట్టరాదని బోర్డు రాయించినవారు సుశీల గారే. సంవత్సరం తిరగకముందే అందులో దొరికిన పల్లీల చట్నీ డబ్బా కూడా వారిదేనని తేలిన రోజున, తమకు తామే మెమో ఇచ్చుకుని, సంజాయిషీగా అందరికీ ఆ చట్నీతో జొన్నరొట్టెలు పెట్టారు.

2022లో వారు తమ ఉద్యోగ జీవితంలోకెల్లా పెద్ద పనిని తలకెత్తుకున్నారు. ఒకే సూక్ష్మజీవి ఎందరికో సోకినా, వ్యాధి కొందరికే ఎందుకు వస్తుంది? జవాబులో కొంత భాగం మనుషుల జన్యువులలోనే ఉంది. దాన్ని వెతకాలంటే వ్యాధి వచ్చినవారి రక్తమూ కావాలి, పోల్చి చూడటానికి పక్కింటి ఆరోగ్యవంతుల రక్తమూ కావాలి. ఎవరు రోగుల వరుసలోని వారో, ఎవరు ఆరోగ్యవంతుల వరుసలోని వారో బయటికి పొక్కరాదని సుశీల గారు మొదటి రోజే గట్టిగా ఆదేశించారు.

బీడీ కార్మికుల కాలనీ అయిన విడీ ఘర్కుల్‌లో, ఇంట్లో బీడీలు చుట్టుకునే గంగుబాయికి వేళ్ల కొసలు మొద్దుబారి, దారం కట్టడం తప్పసాగింది. పరీక్షలో వ్యాధి తేలింది. చికిత్స మొదలైంది. ఆమె రక్తం అధ్యయనానికి తీసుకున్నారు. తానూ బీడీలు చుట్టే పక్కింటి చంద్రభాగ ఆరోగ్యవంతురాలిగా తన రక్తం ఇచ్చింది. గంగుబాయి ఏ వరుసలో ఇచ్చిందో చంద్రభాగకు తెలియదు. సూదికి జంకుతున్న నేస్తురాలికి ధైర్యం చెప్పాలని, "నీతోని నేనున్న గదనే, భయమెందుకు?" అని పక్కన కూర్చుంది.

పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టయింది. బీడీ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది. బుట్టలోంచి, మాల్ తనిఖీ చేసే చెకర్ ఏ బీడీని బయటికి లాగి చూస్తాడో, దాని మీద అనుమానం ఉన్నట్టే లెక్క. ఆ కళ్లతో చూస్తే, రక్తం తీశారంటే మనిషిలోనూ లోపం ఉన్నట్టే. రక్తం ఇచ్చిన సంగతి చెవిన పడగానే చెకర్ పెంటప్ప గారు చంద్రభాగ బుట్టను ముట్టుకోనైనా లేదు. గంగుబాయి అప్పటికే వేళ్ల నొప్పులని చెప్పి పని ఆపుకుంది కనుక, నింద మొత్తం ఏ పాపమూ ఎరుగని చంద్రభాగ నెత్తిన పడింది.

ఆమె బుట్టతో సహా ప్రయోగశాలకు వచ్చింది. "డాక్టరమ్మా, నాకేం లేదని నీకు ఎరుకే గద! ఆ ఒక్క ముచ్చట కార్ఖానకొచ్చి చెప్పు. పొయ్యి మీద కుండ ఎక్కాలంటే నా మాల్ తీస్కోవాలె గద" అని ఏడ్చింది.

చెప్పవలసింది ఒక్క మాటే. కానీ ఆ మాట అంటే నింద మరుక్షణమే గోడ దాటి గంగుబాయి ఇంట్లో దూకుతుంది. ఆ వీధిలో రక్తం ఇచ్చినవి ఆ రెండిళ్లే మరి. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సుశీల గారు అంతగా నలిగిపోవడం మేమెన్నడూ చూడలేదు. చివరికి తమ కూతురు శ్వేతకు ఫోను చేశారు. అధ్యయనంలో వారు తమ రక్తాన్నీ చేర్చారు. అందులో తేలిన సంగతి బయటపెడితే కూతురి మీదా నీడ పడుతుందని వారి సంశయం. శ్వేత ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "చెప్పెయ్ అమ్మా, నాకేం ఫరక్ పడదు" అంది.

మరునాడు సుశీల గారు చంద్రభాగను వెంటబెట్టుకుని కార్ఖానాకు వెళ్లారు. బుట్టలతో ఆడవాళ్లు వరుస కట్టి ఉన్నారు.

"మేడమ్, ఈమెకు పెద్దరోగం ఉన్నదా, లేదా? బీడీ నోట్ల పెట్టుకునేది. ఒక్క మాట చెప్పుండ్రి, తీస్కుంట" అన్నారు పెంటప్ప గారు.

"ఒకరి రక్తం ముచ్చట ఇంకొకరికి నేను చెప్ప పెంటప్పా. నాది చెప్త, ఇను. ఆ రోగం తొందరగ పట్టుకునే గుణం నా రక్తంలనే ఉన్నది. ముప్పై ఏండ్ల సంది ఆ రోగమున్నోళ్ల నడుమ పని చేస్తున్న, నాకు రాలే. గుణం ఉంటే రోగం ఉన్నట్టు గాదు. రేపు వచ్చినా గోలీలున్నయ్, తగ్గుతది. బీడీతోని అంటుకునేది గాదు అది. ఇప్పుడు చెప్పు, నా పక్కన కూసోని చాయ్ తాగుతవా, లేచిపోతవా?"

వరుసలోంచి యల్లమ్మ అనే పెద్దావిడ, "అరె పెంటప్పా, నువ్వు గూడ ఇయ్యిరాదు! నీ నెత్తుర్ల ఏమున్నదో సూద్దాం" అనేసరికి అందరూ గొల్లుమన్నారు. పెంటప్ప గారు కూడా నవ్వక తప్పలేదు. చాయ్ తాగారు. చంద్రభాగ బుట్ట తీసుకున్నారు. తరువాత జరిగిన శిబిరంలో, అన్నీ విని ఒప్పుకున్నాకే, ఆ వాడకట్టువారు చాలామంది రక్తం ఇచ్చారు. సూదిని చూసి కళ్లు మూసుకున్నది మాత్రం పెంటప్ప గారొక్కరే. ఇంతమంది ఇచ్చాక ఏ ఇల్లు ఏ వరుసదో ఇక ఎవరికీ పట్టలేదు.

కథ అక్కడితో తీరలేదు. చికిత్స నడుమ గంగుబాయి మచ్చలు ఎర్రబడి, చేతులు వాచాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు! సూక్ష్మజీవి మందుకు లొంగని రూపం దాల్చిందేమోనని మేమంతా భయపడ్డాం. సుశీల గారు ఆ పరీక్షను ఎవరికీ అప్పగించకుండా స్వయంగా చేశారు. బయటికి వచ్చి, వసారాలో కూర్చున్న గంగుబాయి భుజం పట్టుకుని, "నీ పురుగు మారలేదే గంగూ! మందు మంచిగనే పని చేస్తున్నది. ఈ వాపు నీ ఒళ్లు దానితోని చేసే కొట్లాట, దీనికీ మందున్నది" అన్నారు. ఆమె కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది. మా అందరికీ గుండెల మీది బరువు దిగింది. నేడు ఆమెకు వ్యాధి పూర్తిగా నయమైంది. వేళ్లకు స్పర్శ చాలావరకు తిరిగి వచ్చి, మళ్లీ బీడీలు చుట్టుకుంటోంది.

ఈ సంచికలో ఈ సంగతి రాస్తామంటే సుశీల గారు ససేమిరా ఒప్పుకోలేదు. ఆ ఇళ్లవాళ్లు ఒప్పుకుంటేనే అన్నారు. చంద్రభాగ నవ్వి సరేనంది. పేరు మార్చి రాస్తామని గంగుబాయిని అడగబోతే, ఆకు కత్తిరిస్తున్నదల్లా ఆపి కసిరింది. "పేరు మారిస్తే ఆ మాట మల్ల ఏ చంద్రభాగ మీదికి పోతదో! నాకొచ్చింది, నాకు తగ్గింది. నా పేరే రాయుండ్రి."

రాశాం. ఎన్నో ఇళ్ల గుట్టును గుండెలో దాచి, తన గుట్టును మాత్రం నలుగురిలో విప్పిన డాక్టర్ సుశీల గారు చల్లని ఆరోగ్యంతో, నిండు నూరేళ్లు, గంగుబాయి లాంటివారు తమ పేరు తామే గట్టిగా చెప్పుకోవడం వింటూ హాయిగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాం.