లాయిడ్ గారి ఉమ్మి

అయోవాలో ఓ మొక్కజొన్నల ఊరు, ఓపల్ కింకేడ్ వంటిల్లు. ముసలి దంపతుల కాపురాల మీద యూనివర్సిటీ ఏళ్ళ తరబడి చేస్తున్న సర్వే తరఫున వచ్చింది టెస్ లింక్విస్ట్. ఓపల్ కాల్చిన ఆపిల్ 'పై' రెండు ముక్కలు తిన్నాక గాని అడగడానికొచ్చిన మాట ఆమె నోరు దాటలేదు.

"అంటే, మా ఆయన ఉమ్మి బాగోలేదంటావు."

"బాగోలేదని కాదు ఓపల్ గారూ. కిందటిసారి మీ ఇద్దరికీ చెరో గొట్టం పోస్టులో పంపాం కదా, ఉమ్మి పట్టి తిప్పి పంపమని..."

"పంపారు. నలభై ఏళ్ళు నా వంట మీద ఊరికే ఉమ్మాడు. గొట్టంలో పట్టుకునే అదృష్టం మీకు దక్కింది."

"ఆ రెండు గొట్టాలూ ల్యాబ్‌లో చూస్తే... రెండూ ఒక్కటే."

"కాపురమంటే మరేమిటమ్మాయ్? కలిసుండగా ఉండగా మొహాలే ఒకేలా అయిపోతాయంటారు. ఉమ్మి ఎంత!"

"మొహాలు అవుతాయేమో గాని జన్యువులు అవవండీ. పైగా లాయిడ్ గారి గొట్టంలో ఉన్నది ఆడమనిషి ఉమ్మి."

"ఆ మాట ఆయన చెవిన పడనీకు. అసలే సైన్యంలో పనిచేసిన మనిషి."

"ఓపల్ గారూ..."

"ఇంకో ముక్క పెట్టనా? అసలు మా ఉమ్మి మీకెందుకు తల్లీ? ఇన్నేళ్ళూ అడిగిందల్లా చెప్పాం. సిగ్గుపడాల్సినవి కూడా చెప్పాం. చాల్లేదా?"

"మనిషికి కోపం, సర్దుకుపోవడం, ఇవన్నీ పుట్టుకతో ఎంత వస్తాయో, కాపురం ఎంత నేర్పుతుందో తేల్చాలని. జవాబుల పక్కన జన్యువులు పెట్టి చూస్తే..."

"పుట్టుకతోనే. మా ఆయన వాళ్ళమ్మని ఓ పూట భరిస్తే తేలిపోయేది. దీనికి గొట్టాలు, డాక్టరేట్లు!"

"సరే, ఆయన జవాబుల సంగతే చూడండి. మొదట్లో కాపురానికి పదికి మూడు మార్కులేసేవారు. మీ భార్యలో మీకు నచ్చేదేమిటంటే 'తెలీదు' అని రాసేవారు."

"నిజాయితీపరుడు."

"తరవాత ఉన్నట్టుండి తొమ్మిది. గిన్నెలు కడుగుతున్నారట. మీకు మోకాళ్ళ నొప్పులని పొద్దున్నే ఆయనే కాఫీ పెట్టి ఇస్తున్నారట. మీరు నవ్వితే ఇల్లంతా వెలుగొస్తుందని రాశారు."

"అంత మాట రాశాడూ! సిగ్గులేని మనిషి."

"సర్వే మొత్తంలో డెబ్భై దాటాక బాగుపడ్డ మొగుడు ఈయనొక్కరే. మా ప్రొఫెసర్ పేరు చెప్పకుండా ఈయన గురించే పాఠం చెప్తారు, మనిషి ఏ వయసులోనైనా మారతాడని."

"మారతాడు. పూనుకుని మార్చేవాళ్ళుండాలి."

"ఓసారి పిలవండి మరి. కొత్త గొట్టం తెచ్చాను. నా ఎదురుగా ఉమ్మితే చాలు."

"పడుకున్నాడు."

"మేడమీదా?"

"మేడమీదే."

"ఇందాక షెడ్డులో ఉన్నారన్నారు."

"షెడ్డులోనే పడుకున్నాడు. ఏం, షెడ్డులో పడుకోకూడదని మీ జన్యువుల్లో రాసుందా?"

"వచ్చేదార్లో పెట్రోలు బంకులో అడిగానండీ, లాయిడ్ కింకేడ్ ఇల్లెక్కడని."

"ఏమన్నాడా వాగుడుకాయ?"

"'ఎవరూ, బంతి దొర్లించే బౌలింగ్ ఆట జట్టులో ఆవిడతో అరిజోనా చెక్కేసిన లాయిడా?' అన్నాడు."

"వేరే లాయిడ్ అయుంటాడు."

"ఇంత ఊళ్ళో ఇద్దరు లాయిడ్ కింకేడ్‌లా?"

"ఇద్దరే. ఒకడు పోయాడు. ఒకడున్నాడు."

"ఎప్పుడు పోయారండీ?"

"జవాబులు బాగుపడ్డ ఏడాదే."

"అంటే అప్పట్నుంచీ ఆ కాగితాలన్నీ మీరే..."

"ఎడమచేత్తో. ఆయన రాత కాస్త వంకర."

"ఎందుకండీ? వెళ్ళిపోయారని ఒక్క ముక్క రాస్తే సరిపోయేదిగా. మిమ్మల్నెవరూ తప్పుపట్టేవారు కాదు."

"మొదటిసారి మంటకొద్దీ రాశా. ఒరే, మొగుడంటే ఇలా ఉండాలిరా అని. రాస్తూ పోతే... మనిషి బాగున్నాడు. మాట నెమ్మది. విసుక్కోడు. మీ కాగితాలెప్పుడొస్తాయా, ఈసారి నా గురించి ఏం చెప్తాడా అని ఎదురుచూసేదాన్ని."

"మీకూ తెలుసు కదండీ, ఇలాంటివి మేం ఉంచకూడదు. ఆయన జవాబులన్నీ కొట్టేయాలి. ఆయన్నే సర్వేలోంచి తీసేయాలి."

"తీసేస్తావా?"

"జన్యువులు అబద్ధం చెప్పవు ఓపల్ గారూ."

"కాఫీ కూడా పెట్టివ్వవు."

"నా చేతుల్లో ఏం లేదండీ. నన్ను క్షమించండి."

"ఆ లాయిడ్ పెట్టె సర్దుకుని కారెక్కితే నా కంట చుక్క నీరు రాలేదమ్మాయ్. ఈయన్ని కొట్టేశావంటే మాత్రం, నేను విధవనైపోతాను."