ముందు తెలిసింది అడుగు

భోగాపురం దగ్గరి చేపల పేటలో, పెద్దవాళ్ళ చదువుల బృందానికి పనికొచ్చే వెబ్‌సైట్లు ఎంచి తెచ్చింది పంతులమ్మ విశాలి. చేపలమ్మే గున్నమ్మ, ఆర్పిన చుట్ట చెవి మీద పెట్టుకుని, ట్యాబు ముందు తీర్పరిలా బాసింపట్టు వేసుకు కూర్చుంది.

“ముందు నాకు తెలిసింది అడుగు పంతులమ్మా. అది నిజమాడతాదో లేదో అప్పుడు గదా తేలతాది.”

“ఏం అడగమంటావు మామ్మా?”

“వంజరం తాజాదని ఎలాగ పోల్చాల?”

“మా దగ్గరే కొనండి అంటోంది ఈ సైటు.”

“అది అమ్ముకునేది. తీసీ. ఇంకోటి సూడు.”

“ఇందులో వంట, ఆరోగ్యం అన్నీ ఉన్నాయి. మొప్పలు ఎర్రగా ఉండాలట. వేలితో నొక్కితే గుంట పడకూడదట.”

“మరి కన్ను?”

“ఉబ్బెత్తుగా మెరవాలట.”

“ఇది ఒట్టి మాటలాడదు. దీన్ని ఉంచు.”

“సరే, రేపు అందరికీ ఇదే చూపిస్తాను.”

“ఆగు. ఇప్పుడు నాకు తెలీంది అడుగు. నిప్పు నోట్లో ఎట్టుకుని అడ్డపొగ సుట్ట కాల్సినోల్లకి, అంగిట్లో తెల్లమచ్చ ఎందుకొస్తాది?”

విశాలి టైపు చేసింది. క్యాన్సరు అన్న మాట దాకా చదివి, ట్యాబును మెల్లగా తన వైపు తిప్పుకుంది.

“సైట్లన్నీ నిజమే చెప్తాయని లేదు మామ్మా.”

“ఇది సెప్తాది. నానే గదా తేల్సినాను. సదువు.”